ఇస్త్రీ చేసిన అక్షరాలు

"వెనకపక్క జూడే, అక్కా."

"చూసిన."

"ఇంకో పేజీ?"

"అన్ని పేజీలు చూసిన హారికా. నున్నగున్నయి. నా అరచెయ్యన్నా జర గరుకుంటది, ఇవి అంత గూడ లెవ్వు."

అఖిల పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, ఇంట్లోవాళ్లకు ఏం చేయాలో తోచేది.

నాలుగు రోజుల కింద నల్లగొండ నుంచి ఆర్టీసీ పార్సిల్లో వచ్చాయి ఆ మూడు బ్రెయిలీ పుస్తకాలు. అంధుల బడిలో పదో తరగతి చదివే పిల్లకు పాఠమంటే అవే. మార్చిలో హాస్టల్ మూసేసి కట్టుబట్టలతో ఇంటికి పంపినప్పటి నుంచి, పది నెలలుగా ఆ పిల్ల అడుగుతున్నది అవొక్కటే. టీవీలో పాఠాలు చెప్పారు, కాదనలేం. "పటంలో చూడండి పిల్లలూ" అని అక్కడ సారు కర్ర పెట్టి చూపిస్తుంటే, అఖిల పక్కనున్న చెల్లెల్ని "ఏముందే పటంల?" అని అడిగేది. ఎనిమిదో తరగతి హారిక చూసి చూసి, "వంకరగ ఒక గొట్టమున్నది, దానికి ఇంకో గొట్టమున్నది" అనేది. మనిషి జీర్ణవ్యవస్థ గురించి అఖిలకు తెలిసింది అంతవరకే.

ఇప్పుడు పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఒక్క చుక్క లేదు.

"అవ్వా, నిజం జెప్పు. ఏం జేసినవ్ వీటిని?"

నాయనమ్మ ఆండాళు గడప పట్టుకుని నిలబడి ఉంది. "ఏం జేస్త బిడ్డా, ఇస్త్రీ జేసిన," అంది. ఆ గొంతులో కొంచెం గర్వం ఇంకా మిగిలే ఉంది. "ఒక్కొక్క కాగితం, రెండు దిక్కుల. నీళ్లు చిలకరించి మరీ జేసిన. ఎందరి చేతులల్ల పడి వచ్చినయో ఏమో!"

ఈ ఇస్త్రీ జబ్బు ఆమెకు లాక్‌డౌన్ తర్వాత పట్టుకుంది. చీరలు తీసుకునే దుకాణంవాళ్లు, నేసిన ప్రతి చీరనూ ఇస్త్రీ చేసి పంపండి, వేడికి పురుగు చస్తుంది అన్నారు. అంతే. ఆ రోజు నుంచి ఆ ఇంట్లోకి వచ్చేదీ, ఇంట్లోంచి పోయేదీ ఆండాళు ఇస్త్రీ పెట్టె కింద నలగాల్సిందే. న్యూస్ పేపరు, మాస్కులు, రేషన్ కార్డు, ఒకసారి కొడుకు నరహరి బస్సు టికెట్టు కూడా. పుస్తకాలను పురుగు చచ్చేదాకా ముట్టొద్దని అఖిలకు ఇవ్వకుండా, ఒక రోజు ఎండలో పెట్టి, రెండు రోజులు కూర్చుని ఇస్త్రీ చేసింది. ఇంట్లో చూపున్నవాళ్లంతా చూశారు. ఆమె ఏం ఇస్త్రీ చేస్తోందని ఒక్కరూ అడగలేదు.

"చుక్కలుంటయని తెల్వదా నీకు?"

"తెల్వకేం, తడిమి జూసిన గద. జరీ బుటాల లెక్కనే ఉండె. జరీ చీరె ఇస్త్రీ జేస్తే బుటా పోతదా? అణిగి మళ్ల లేస్తది. గిదీ అట్లనే లేస్తదనుకున్న. నిన్న పొద్దంత ఆరవెట్టిన." ఆండాళు ఆగింది. "లేవలే."

గర్వం అప్పుడు పోయింది.

హారికకు నవ్వొచ్చింది. నవ్వాల్సిన సమయం కాదని తెలిసి మొహం గోడవైపు తిప్పుకుంది.

వంటింటి తలుపు దగ్గర కళావతి నిలబడి ఉంది, కుడి భుజం ఎడమచేత్తో పట్టుకుని. అత్తను నాలుగు మాటలనడానికి ఇంత మంచి సందు పద్దెనిమిదేళ్ల కాపురంలో దొరికి ఉండదు. అయినా ఆమె నోరు విప్పలేదు.

"అమ్మా, నువ్వన్నా జెప్పవేందే?" అంది అఖిల.

"ఏం జెప్పాలె?" అని కళావతి లోపలికి వెళ్లిపోయింది.

ముందు గదిలో మగ్గం చప్పుడు ఆగింది. నరహరి మగ్గం కింది గుంటలోంచి లేచి, మోకాళ్లు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏంది లొల్లి? ఒక పోగు తెగితే అతుకుడు నాకెంత కష్టమో తెల్సా మీకు?"

హారిక గడగడా చెప్పేసింది. నరహరి పుస్తకం తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. తెల్ల కాగితం, తెల్లగా ఉంది. మొన్న చూసినప్పుడూ ఆయనకు తెల్లగానే కనిపించింది.

"అయిందేదో అయింది," అన్నాడు. "ముసలామె కావాల్నని జేసిందా? ఇగ ఇడిసిపెట్టుండ్రి."

"ఇడిసిపెట్టి? పరీక్ష ఎట్ల రాయాలె బాపు?"

"ఏం పరీక్ష? ఎవలు రాస్తున్నరు? అందరినీ పాస్ జేసిండ్రు గద పోయినేడు."

"ఈయేడు గూడ జేస్తరని నీకు జెప్పిండ్రా? సోమవారం బడి తెరుస్తున్నరు. తొమ్మిది, పది పిల్లలకు. హారిక ఫోన్‌ల చదివింది."

"తెరువనీ. చూపున్న పిల్లలనే పంపుతలేరు ఊళ్లె. నువ్వు అన్ని తడుముకుంటనే నడుస్తవు. గోడ ముట్టాలె, మంచం ముట్టాలె, ముందర పిల్ల భుజం ముట్టాలె. నువ్వు దూరముంటే ఎట్ల నడుస్తవు? వద్దు."

"వారం వారం చండూరుకు చీరెలు దీస్కపోతున్నవు. అక్కడ లేదా కరోనా?"

"గది పని."

"ఇదేంది మరి? ఆటనా?"

జవాబు దొరకనప్పుడు మగవాళ్లు చేసే పనే నరహరి చేశాడు, గొంతు పెంచాడు.

"ఏం తక్కువైంది నీకీడ? చేతిల పనొచ్చింది. మన గట్టుప్పల్ల నీ లెక్క ఆసు పోసేటోళ్లు ఎందరున్నరు? మొన్న దుకాణపాయన అడిగిండు, ఎవల చెయ్యిది, ఒక్క పోగు అటుఇటు లేదని. నా బిడ్డది అని జెప్పిన. జెప్పుకుంటున్న గద!"

ఆ మాట నిజం. అందుకే అఖిలకు మరింత మండింది.

పోగులకు ముందే ముడులేసి రంగులద్దే చిటికి చీర నేసే ఇళ్లలో ఆసు లేనిదే పని మొదలు కాదు. నడుమ ఒక మేకు, ఎదురుగా కింది నుంచి పైదాకా వంపుగా దిగ్గొట్టిన నలభై పైచిలుకు మేకులు. నడిమి మేకు నుంచి పోగును తీసుకుపోయి ఒక్కొక్క మేకుకు చుట్టి, మళ్లీ వెనక్కి తేవాలి. ఒక చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు పోయి రావాలి. చాలా ఇళ్లకు మిషన్లు వచ్చాయి. ఈ ఇంట్లో మాత్రం ఇంకా చేతి ఆసే. ఇన్నేళ్లూ అది కళావతి పని. భుజం పడిపోయి, డాక్టరు చెయ్యి పైకెత్తొద్దన్నాక కూడా ఆమె పనే. జూలైలో ఒకరోజు ఊరికే కూర్చోలేక అఖిల ఆసు ముందు కూర్చుంది. వారం తిరిగేసరికి ఆ పని ఆమెదైంది. మేకుల్ని చూడాల్సిన పని లేదు, లెక్క తప్పకపోతే చాలు. లెక్క తప్పడం ఆ పిల్లకు రాదు.

"బాపు, ఒక్క మాట అడుగుత. నాకు పనొచ్చిందని సంతోషమా, పని జేసే మనిషి దొరికిందని సంతోషమా?"

"నోరు ఎక్కువైంది నీకు."

"నోరొక్కటే మిగిలింది. కండ్లు దేవుడు దీసుకున్నడు, చేతులు మీరు దీసుకున్నరు."

ఆండాళు మెల్లగా వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది. ఆమె చేతిలో గోనెసంచి కుట్టే దబ్బనం ఉంది.

"ఏడేడ పొడవాల్నో జెప్పు బిడ్డా. మళ్ల పొడుస్త. రెండు దినాలల్ల అణగ్గొట్టిన, నాలుగు దినాలల్ల లేపనా?"

"అవ్వా!" అఖిల తల పట్టుకుంది. "ఏమున్నదో తెలిస్తే నాకు పుస్తకమెందుకే?"

అప్పుడు ఫోన్ మోగింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్. హారిక చూసి, "మెర్సీ టీచరే!" అని అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"అఖిలా, రెండు దినాల నుంచి చేస్తున్న, ఫోన్ కలుస్తనే లేదు. పుస్తకాలు ముట్టినయా?"

"ముట్టినయి టీచర్."

"ఏడిదాంక చదివినవ్?"

హారిక పెదవి కొరుక్కుంది. చివరికి ఆండాళే ఫోన్ మీదికి వంగి, "నేను ఇస్త్రీ జేసిన తల్లీ" అని ఒప్పేసుకుంది.

మెర్సీ టీచర్‌కూ చూపు లేదు. అవతల ఆమె నవ్వింది. ఆ నవ్వు సగంలో విరిగిపోయింది.

"సైన్సు పుస్తకం నేను పొడిచినమ్మా," అంది. "ప్రెస్సుల దొరకలేదు. మా చెల్లె చదువుతుంటే బ్రెయిలీ పలక పెట్టుకొని ఒక్కొక్క చుక్క పొడిచిన. రెండు నెలలు పట్టింది. నా వేలికి కాయ గాసింది."

ఆండాళు దబ్బనం కింద పెట్టేసింది.

"సరే, పోనీ," అంది టీచర్, పోనీ అనుకోవడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. "నా దగ్గర ఇంకో కాపీ లేదు గానీ, బడికొస్తే నోటితో జెప్త. సోమవారం తెరుస్తున్నం. నరహరన్నా, ఉన్నవా? అంగీకార పత్రం సంతకం జేసి పంపలేదేంది?"

"ఏం పత్రం టీచరమ్మా?"

"తల్లిదండ్రులు ఒప్పుకొని సంతకం జెయ్యాల్సింది. హాస్టల్ల మంచాలు దూరం దూరం ఏస్తున్నం, సగం మందికే జాగా ఉన్నది. మిగిలినోళ్లవి అందరివి వచ్చినయి, మీదొక్కటే రాలే. ఇయ్యాల సాయంత్రం ఐదింటి లోపల రాకపోతే ఆ మంచం ఇంకో పిల్లకిస్తరు. నేను చానసేపు ఆపిన అన్నా, ఇంక నాతోని గాదు."

"మాకే పత్రం రాలే."

"పుస్తకాలతోనే పెట్టిన గద! చిట్టీ గూడ రాసిన. అఖిలా, చిట్టీ చదవలేదా?"

"ఏ చిట్టీ టీచర్?"

"అట్టపెట్టెకు లోపలిదిక్కు టేపుతోని అంటించిన. బాగ జూడుండ్రి. ఫోటో దీసి పంపినా చాలు. ఐదు గంటలు." ఫోన్ కట్ అయింది, ఆమె పెట్టిందో, సిగ్నలే పోయిందో.

అప్పుడు టైం మూడు ముప్పావు.

"పెట్టె ఏదవ్వా?"

"దాన్నెవలు ముట్టుకుంటరు? అసలు పురుగంత దానికే ఉంటదని కట్టెతోని నూకి, బాత్రూం ఎనక పడేసిన."

హారిక పరుగెత్తింది. ఆమె తెచ్చిన అట్టపెట్టెకు ఒక మూల మంచుకు నాని మెత్తబడింది. లోపలివైపు, టేపు కింద, మందపాటి కాగితం ఒకటి మడతతో సహా భద్రంగా ఉంది. ఈ ఇంట్లో ఆండాళు అన్నిటికంటే ఎక్కువ భయపడి, ముట్టనైనా ముట్టనిది ఏదైతే ఉందో, అదొక్కటే బతికింది.

అఖిల వేళ్లు దాని మీద ఆనగానే ఆమె మొహం మారింది. పది నెలల తర్వాత చుక్కలు. మొదటి వరుస రెండుసార్లు తడిమింది, అర్థం కాక కాదు, బాగుండి. తర్వాత పైకి చదివింది.

"అఖిలా, ఇందులో మూడు పుస్తకాలున్నాయి. సైన్సు నేను రాశాను. తప్పులుంటే నవ్వుకో, కానీ చదువు. పుస్తకాల పైన అంగీకార పత్రం పెట్టాను. అది అచ్చు కాగితం, నీ వేళ్లకు తెలియదు. మీవాళ్లను అడుగు."

చదవడం ఆపింది.

"మీవాళ్లను అడుగు," అని మళ్లీ ఆ వరుస మీదికే వేళ్లు తెచ్చింది. "అడుగుతున్న. ఏది?"

ఆ చిట్టీలో ఏముందో ఆ ఇంట్లో ఆమె తప్ప ఎవరూ చదవలేరు. చదవగలిగి ఉంటే దాన్నీ అక్కడ ఉండనిచ్చేవాళ్లు కాదని ఆమెకు అప్పుడే తట్టింది.

"బాపు, ఏడ వెట్టినవ్?"

"నాకేం తెల్సు?"

"పంపనని నువ్వే అంటివి. ఆసు కావాలె నీకు. కాగితం దొరకకుంటే ఐదు దాటుతది, మంచం పోతది, నీ పని అయితది. ఏడ వెట్టినవ్ బాపు?"

"అఖిలా!" నరహరి చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఆ పిల్లకు కనపడదని గుర్తొచ్చిందో ఏమో, దించుకున్నాడు. గొంతు మాత్రం దిగలేదు. "పంపనని నీ మొకం మీదనే జెప్తున్న గదనే! ఇందాకటి సంది జెప్తున్న. దాసుడెందుకు నాకు? నేనేమన్న దొంగనా? మగ్గం మీద ఒట్టు, ఆ కాగితం నేను కండ్ల జూడలే."

"కండ్ల జూడని మాట నాకు జెప్పకు!"

"అక్కా, జర ఆగే..."

"ఆయన గాదు," అంది కళావతి.

ఆమె వంటింటి గడప దాటి ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఎడమచేత్తో కొంగు ముడి విప్పుకుంటోంది. కుడిచెయ్యి సాయానికి రాదు కాబట్టి ముడి తొందరగా రాలేదు. వచ్చాక, ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి పెద్దకూతురి చేతిలో పెట్టింది. దానికి అమ్మ భుజానికి రాసుకునే నొప్పుల మందు వాసన. అఖిల చదవలేని కాగితమే అది. వాసన చాలు.

"పెట్టె కోసింది నేను. అన్నిటికంటే పైన ఇదే ఉండె. చదివిన. మీ బాపుకిద్దామనే లేసిన," అంది కళావతి. "లేస్తుంటే భుజం గుంజింది."

ఆమె చెప్పుకుంటూ పోయింది, ఎవరూ అడగకముందే అయిపోవాలన్నట్టు.

"ఆరు నెల్ల సంది నొప్పి లేకుంట పండుకుంటున్న బిడ్డా. పెండ్లయిన సంది గట్ల పండుకోలే నేను. నువ్వు బడికి పోతే మళ్ల నేనే కూసోవాలె గద. గదొక్కటే యాదికొచ్చింది. రేపిస్త అనుకున్న. తెల్లారి మళ్ల రేపిస్త అనుకున్న. చింపేద్దామని గూడ అనుకున్న, అబద్ధమెందుకు. చింపలేకపోయిన."

అఖిలకు తిట్టడానికి బాపు దొరికాడని ఇంతసేపూ ఎంత ధైర్యంగా ఉందో! ఇప్పుడు ఎవరిని తిట్టాలి? అమ్మ మీద కోపం రాలేదని కాదు, వచ్చింది, బాపు మీద వచ్చినదానికంటే ఎక్కువే వచ్చింది. కానీ ఆ నొప్పి ఎట్లా ఉంటుందో ఆమెకు కొద్దిగా తెలుసు. ఆసు ముందు ఆరు నెలలుగా కూర్చుంటున్నది తనే.

"మరి నాకెందుకు జెప్పలే?" అంది చివరికి. "నొప్పి లేస్తది, పోకు అంటే నేను..." ఆ మాట పూర్తి చేయలేదు. ఉండేదాన్నని చెబితే అబద్ధం, ఉండేదాన్ని కాదని చెప్పడానికి నోరు రాలేదు.

"అందుకే జెప్పలే," అంది కళావతి.

గోడ గడియారం నాలుగు కొట్టింది. ఎనిమిది మడతలూ విప్పి కాగితాన్ని నేల మీద సాపు చేసింది ఆండాళు, అరచేత్తోనే. ఇస్త్రీ పెట్టె వైపు చూడను కూడా చూడలేదు.

"సంతకం జెయ్యుండ్రి," అంది కళావతి భర్తతో.

"జేస్తే? మగ్గం మీదున్న చీరె అయిపోతాంది. తర్వాత దానికి ఆసు సగంలనే ఉన్నది. ఎవలు పోస్తరు? మాట్లాడుతున్నరు అందరు, పని సంగతి ఒక్కలన్నా జెప్పుతున్నరా?"

"నేను పోస్త."

"నీతోని అయితదా?"

"ఇన్నేండ్లు ఎవలతోని అయింది?"

కళావతి ఆసు దగ్గరికి వెళ్లి కూర్చుంది. పొద్దున అఖిల ఆపిన చోటే పోగు వేలాడుతోంది. నరహరి విసుక్కుంటూ గోడకున్న సంచిలోంచి పెన్ను తీశాడు. మూత తీసిన చప్పుడు అఖిలకు వినపడింది. కాగితం మీద వంగినప్పుడు ఆయన మోకాళ్ల చప్పుడు కూడా వినపడింది.

ఆసు మొదలైంది. పోగు మేకుకు తగిలి వెనక్కి వచ్చే చప్పుడు అఖిలకు తన పేరు కంటే బాగా తెలుసు. తనకు తెలియకుండానే లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. కింది మేకులు. చెయ్యి అంతగా ఎత్తక్కర్లేదు. ఏడు. ఎనిమిది. అమ్మ వేగం తన కంటే తక్కువేమీ కాదు. పది.

పదకొండో మేకు దగ్గర చప్పుడు ఆగింది.

అఖిల ఆగింది. అది మళ్లీ మొదలవుతుందని చూసింది. కళావతి ఊపిరి బిగబట్టి వదిలిన చప్పుడొక్కటే వచ్చింది. ఆమె వైపు అందరూ చూస్తూ ఉంటారని, చూడటం రాని ఆ పిల్లకు తెలుసు.

అప్పుడు పెన్ను మూత టక్కున పడింది.

సంతకం చేసి పెట్టాడో, చేయకుండానే పెట్టేశాడో.

"హారికా," అంది అఖిల. "కాగితం మీద ఏమున్నదే?"

ఎప్పుడూ ఆగకుండా వాగే హారిక, అక్క వేలు పట్టుకుని సంతకం ఉండాల్సిన చోట పెట్టింది; పెన్ను ఒత్తిన గీత లేదు, నున్నగుంది.